వరిగడ్డిలో సిలికాన్: లెక్కల్లోంచి జారిపోయిన ఒక పద్దు

సిలికాన్ అన్న మాట వినగానే మన సాఫ్ట్‌వేరు జనాలకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి ప్రాసెసర్ చిప్పు, రెండోది కాలిఫోర్నియాలో ఉన్న ఆ లోయ. అదే మాట వరి మీద పనిచేసే శాస్త్రవేత్త దగ్గర అనండి, ఆయనకి వరి ఆకు అంచు గుర్తొస్తుంది. పొలంలో దిగితే చేతులు గీసుకుపోతాయి చూశారూ, ఆ పదును సిలికాన్‌ది. ఊక గరుకుగా ఉండేది, గడ్డి కోసే కొడవలి తొందరగా మొద్దుబారేది కూడా చాలావరకు దాని వల్లే.

జీడిమెట్ల అంటే ఇవాళ ఫ్యాక్టరీలు, గోడౌన్లు, సుచిత్ర జంక్షన్ ట్రాఫిక్. మన మాదాపూర్ బ్యాచ్‌లో చాలామందికి అది అవుటర్ రింగ్ రోడ్డు మీద నించి కనపడే పొగ మాత్రమే. కానీ అక్కడ ఒక పెద్ద చెరువుంది. కొల్ల చెరువు అంటారు, ఫాక్స్ సాగర్ అని ఇంగ్లీషు పేరు కూడా ఉంది. 1897లో నిజాం కాలంలో కట్టింది. మేడ్చల్, శామీర్‌పేట దాకా ఈ ఉత్తరపు వైపంతా ఒకప్పుడు ఇలాంటి చెరువులు, వాటి కింద వరి మళ్ళు, మెరక మీద ద్రాక్ష తోటలు. ఆ వరి మళ్ళకీ మన సిలికాన్‌కీ ఉన్న సంబంధం గురించి ఈసారి రాద్దామనుకున్నాను.

వరి మొక్క నేలలోంచి తీసుకునే ఖనిజాల్లో అన్నిటికన్నా ఎక్కువ తీసుకునేది సిలికాన్. నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ దాని తర్వాతే. అయినా మనం వేసే ఎరువుల లెక్కలో దానికి పద్దే లేదు. ఆ పద్దు ఎలా జారిపోయింది, దాన్ని మళ్ళీ ఎవరు రాశారు, అది పోవడం వల్ల రైతుకి ఎంత ఖర్చయింది - ఇదీ కథ.

ఊళ్ళో భూమి ఉంది, జేబులో బస్సు చార్జీ లేదు

ముందుగా ఒక అనుమానం తీర్చుకోవాలి. భూమి పైపొరలో ఆక్సిజన్ తర్వాత ఎక్కువగా ఉండే మూలకం సిలికాన్, బరువులో సుమారు 28 శాతం. హైదరాబాద్ చుట్టూ ఉన్న గుట్టలన్నీ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. ఆ గ్రానైటులో 70 శాతం దాకా సిలికాయే. ఇక్కడి నేలకి సిలికాన్ కరువంటే నవ్వొస్తుంది కదా?

చిక్కెక్కడంటే, మొక్క ఇసుక తినదు. నీళ్ళలో కరిగిన మోనోసిలిసిక్ ఆమ్లం అనే రూపంలో మాత్రమే వేరు దాన్ని పీల్చుకోగలదు. ఇసుకలో ఉన్న క్వార్ట్జ్ అంత తేలిగ్గా కరగదు. బంకమట్టిలోని ఖనిజాలు దానికన్నా త్వరగా కరుగుతాయి. కుళ్ళిన గడ్డిలో, ఊకలో ఉండే సిలికా ఇంకా త్వరగా కరుగుతుంది. ఎందుకంటే అది మొక్క ఒకసారి కరిగిన రూపంలో తాగి, తన కణాల్లో గాజులాగా పేర్చుకున్న సరుకు. ఊళ్ళో భూములున్నా జేబులో బస్సు చార్జీ లేని మనిషి పరిస్థితి మన ఎర్ర చల్క నేలలది. ఆస్తి ఉంది, చేతిలో చిల్లర లేదు.

ఆ ఆస్తిని చిల్లరగా మార్చే పని చాలావరకు నేలలోని సూక్ష్మజీవులది. అవి ఊపిరి వదిలినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడు నీటిలో కలిసి ఆమ్లమవుతుంది. కొన్ని బాక్టీరియాలు, బూజులు సేంద్రియ ఆమ్లాలు కూడా వదులుతాయి. ఇవి రాతిపొడిని మెల్లమెల్లగా కొరికి సిలికాన్‌ని, దాంతోబాటు పొటాషియాన్ని విడిపిస్తాయి. సోవియట్ యూనియన్లో అలెక్సాండ్రోవ్ అనే శాస్త్రవేత్త 20వ శతాబ్దం మధ్యలో ఇలాంటి 'సిలికేట్ బాక్టీరియా' మీద పనిచేశాడు. వాటిని పెంచడానికి ల్యాబుల్లో ఇప్పటికీ వాడే మాధ్యమానికి ఆయన పేరే ఉంది. అంటే నేలలో సేంద్రియ పదార్థం తగ్గి ఈ జీవాలు తగ్గాయంటే, సిలికాన్ విడుదల కూడా మందగిస్తుందన్నమాట.

లిస్టులోంచి ఎలా పోయింది?

సిలికాన్ మొక్కకి పనికొస్తుందన్న ఊహ కొత్తదేం కాదు. రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 19వ శతాబ్దం మొదట్లోనే గడ్డిజాతి మొక్కల పైతొడుగులో సిలికా ఉందని గమనించి, అది మొక్కకి ఆసరాగా, పురుగుల నించి కాపలాగా పనికొస్తుందని రాశాడు. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం వాళ్ళు 1862లో బార్లీ పొలంలో సోడియం సిలికేట్ వేసి చూడటం మొదలుపెట్టారు.

సరిగ్గా అదే కాలంలో జర్మనీలో జూలియస్ సాక్స్ అనే వృక్షశాస్త్రవేత్త ఇంకో దారి తొక్కాడు. మట్టి లేకుండా, కొలిచి కలిపిన లవణాల నీటిలో మొక్కని పెంచడం. మన భాషలో చెప్పాలంటే, డిపెండెన్సీలు ఒక్కొక్కటే తీసేస్తూ ఏది లేకపోతే ప్రోగ్రామ్ నడవదో చూడటం. సిలికాన్ తీసేసి మొక్కజొన్న పెంచాడు. మొక్క బాగానే పెరిగింది. ఇంకేముంది, సిలికాన్ అక్కర్లేదని తేలిపోయింది.

1939లో అమెరికాలో ఆర్నన్, స్టౌట్ అనే ఇద్దరు దీనికి ఒక రూలు రాశారు. ఒక మూలకం మొక్కకి 'అత్యవసరం' అనిపించుకోవాలంటే మూడు షరతులు. అది లేకపోతే మొక్క తన జీవితచక్రం పూర్తి చెయ్యలేకపోవాలి. దాని బదులు ఇంకో మూలకం పనికిరాకూడదు. మొక్క పోషణలో దానికి నేరుగా పాత్ర ఉండాలి. చక్కటి రూలు, చదవగానే ఒప్పుకోవాలనిపించేది. ప్రపంచమంతా వ్యవసాయ పుస్తకాలన్నీ దాని మీదే నడిచాయి. మన ఎరువుల సిఫారసులు, భూసార పరీక్షల ఫారాలు కూడా ఆ జాబితా నించి పుట్టినవే. సిలికాన్ ఆ మూడు షరతుల్లో పాస్ కాలేదు. జాబితాలో లేదు కాబట్టి భూసార పరీక్షలో కొలవలేదు, కొలవలేదు కాబట్టి తగ్గిందని ఎవరికీ తెలియలేదు.

జపాన్ వాళ్ళు మాత్రం...

ఈలోగా జపాన్‌లో కథ వేరేగా నడుస్తోంది. వాళ్ళ బాధ అగ్గి తెగులు. ఆకు మీద రెండు పక్కలా కోసుగా ఉండే కండె ఆకారపు మచ్చలు, తర్వాత వెన్ను మెడ దగ్గర విరిగి పంటంతా తాలు పోవడం. వరి పండించే దేశాలన్నిటికీ ఇది తెలిసిన గండమే.

1917లో ఒనోడెరా అనే శాస్త్రవేత్త తెగులు పడ్డ వరినీ, పక్కనే ఆరోగ్యంగా ఉన్న వరినీ తెచ్చి కొలిచి చూశాడు. తెగులు పడ్డ మొక్కల్లో సిలికాన్ తక్కువగా ఉంది. తెగులు వల్ల తగ్గిందా, తగ్గడం వల్ల తెగులు వచ్చిందా? ఆ తర్వాత పదేళ్ళకి కుండీల్లో సిలికాన్ వేసి చూస్తే తెగులు తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండికి కటకటలాడుతున్న రోజుల్లో, సత్తువ అయిపోయిన వరి పొలాలని బాగుచేసే పనిలో పడ్డప్పుడు ఉక్కు కొలిమిలో మిగిలే స్లాగ్ వాళ్ళకి కలిసొచ్చింది. అందులో కాల్షియం సిలికేట్ ఉంటుంది. 1955లో జపాన్ ప్రభుత్వం సిలికేట్‌ని అధికారికంగా ఎరువుగా గుర్తించింది. 'అత్యవసరం కాదు' అని పుస్తకాలు చెప్తున్న వస్తువుని ఒక దేశం టన్నులకొద్దీ పొలాల్లో పొయ్యడం మొదలుపెట్టింది!

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఎవర్‌గ్లేడ్స్ వైపు కుళ్ళిన ఆకులతో ఏర్పడ్డ నల్లటి నేలలున్నాయి. వాటిలో ఖనిజాల మట్టి చాలా తక్కువ. అక్కడ వరి, చెరకు పండించినప్పుడు సిలికాన్ లోటు బాగా తెలిసొచ్చింది. స్లాగ్ వేస్తే అగ్గి తెగులు, గోధుమ మచ్చ తెగులు రెండూ తగ్గాయని 1990ల మొదట్లో డాట్నాఫ్ బృందం పొలాల్లో చూపించింది.

టెస్టింగ్‌లో పాస్, ప్రొడక్షన్‌లో ఫెయిల్

మరి సాక్స్ ప్రయోగంలో మొక్క ఎందుకు బాగా పెరిగింది? ఇక్కడే అసలు కిటుకుంది. ల్యాబులో తెగులు లేదు, పురుగు లేదు, ఎండ తాపం లేదు, గాలివాన లేదు. సిలికాన్ చేసే ఉపకారమేమో చాలావరకు కష్టం వచ్చినప్పుడే బయటపడుతుంది. ఒక్క యూజరు కూడా లేని టెస్ట్ సర్వర్ మీద మన కోడ్ ఎంత ముచ్చటగా నడుస్తుందో మీకు తెలియంది కాదు. లోడ్ పడ్డాకే కదా అసలు రంగు తెలిసేది.

కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఇమాన్యుయెల్ ఎప్‌స్టీన్ అనే పెద్దాయన 1994లో ఇదే మాట గట్టిగా రాశాడు. సిలికాన్ లేని నీటిలో పెంచిన మొక్కలు ప్రకృతిలో ఎక్కడా లేని మొక్కలనీ, వాటిని చూసి మొక్కల గురించి తీర్పులు చెప్పడం సరికాదనీ ఆయన వాదన సారాంశం.

తిరుగులేని రుజువు 2006లో వచ్చింది. జపాన్‌లో జియాన్ ఫెంగ్ మా బృందం వరి వేరులో సిలికాన్‌ని లోపలికి లాగే జన్యువుని పట్టుకుంది, దాని పేరు ఎల్ఎస్ఐ1. మరుసటి ఏడాది దాన్ని కణంలోంచి అవతలికి పంపే రెండో జన్యువు ఎల్ఎస్ఐ2 దొరికింది. ఒకటి తలుపు, ఇంకోటి పంపు అనుకోండి. వరి ఇంత సిలికాన్ తాగేది ఈ జోడీ వల్లే. ఎల్ఎస్ఐ1 పాడైపోయిన వరి మొక్కని మామూలు పొలంలో నాటితే తెగుళ్ళు, పురుగులు మీద పడి దిగుబడి మామూలు వరిలో పదో వంతుకి పడిపోయింది. అదే పొలం, అవే నీళ్ళు, అవే ఎరువులు. ఒక్క తలుపు మూసుకుపోయిందంతే.

1939 నాటి రూలు ప్రకారం ఇప్పటికీ సిలికాన్ 'అత్యవసరం' కాదు. 2015లో అంతర్జాతీయ మొక్కల పోషణ సంస్థ (2019లో మూతపడింది) దాన్ని 'ఉపయోగకర పదార్థం' అని జాబితాలోకి ఎక్కించింది. సగం ప్రమోషన్ లాంటిదన్నమాట :)

గోడా, కాపలాదారా?

అగ్గి తెగులు బూజు ఆకులోకి దూరే పద్ధతి చదివితే మెకానికల్ వాళ్ళకి కూడా ముచ్చటేస్తుంది. దాని బీజం ఆకు మీద వాలి, చిన్న బుడగ లాంటి అవయవం కట్టుకుంటుంది. ఆ బుడగలో ఒత్తిడి 80 అట్మాస్ఫియర్ల దాకా పెరుగుతుంది. కారు టైరులో ఉండేది సుమారు రెండు. ఆ ఒత్తిడితో ఒక సన్నటి మేకుని ఆకు చర్మంలోకి దిగ్గొడుతుంది. ఆకు చర్మం కింద సిలికా పొర ఉంటే ఆ మేకుకి గట్టి నేల తగిలినట్టే. యోషిదా అనే జపాన్ శాస్త్రవేత్త 1960లలో ఈ పొరని కొలిచి, దాని మందం సుమారు 2.5 మైక్రాన్లని తేల్చాడు. చాలాకాలం అందరూ ఇదే చాలనుకున్నారు. సిలికాన్ అంటే గోడ, బూజు లోపలికి రాలేదు, కథ కంచికి.

కానీ దోసకాయలు ఆ కథని మార్చేశాయి. యూరప్‌లో, కెనడాలో గ్రీన్‌హౌస్ రైతులు మట్టి మానేసి పోషక ద్రావణాల్లో దోస పెంచడం మొదలుపెట్టాక బూడిద తెగులు ఎక్కువైంది. నీటిలో కాస్త పొటాషియం సిలికేట్ కలిపితే తగ్గింది. ఇక్కడొక తమాషా. ద్రావణంలో సిలికాన్ ఆపేస్తే కొన్నాళ్ళకే రక్షణ పోయింది. ఆకులో అప్పటికే పేరుకున్న సిలికా అలాగే ఉంది, గోడ ఎక్కడికీ పోలేదు! అంటే ఒక్క గోడే కారణం కాదన్నమాట. కరిగిన సిలికాన్ ఒంట్లో తిరుగుతున్నప్పుడు బూజు తగిలిన చోట మొక్క తన సొంత విషాలని త్వరగా, ఎక్కువగా తయారుచేస్తోంది. 2004లో వరిలో కూడా అలాంటిదే కనపడింది. సిలికాన్ అందిన వరి మొక్కల్లో అగ్గి తెగులు సోకినప్పుడు మోమిలాక్టోన్లనే రక్షణ పదార్థాలు ఎక్కువగా తయారయ్యాయి.

సిలికాన్ నేరుగా మొక్క రక్షణ వ్యవస్థని మేల్కొలుపుతోందా, లేక కణాల మధ్య సందుల్లో పేరుకుని శత్రువు పంపే ప్రోటీన్లకి అడ్డుపడి, వాటి ఆట సాగకుండా చేస్తోందా అన్నది ఇప్పుడు నడుస్తున్న వాదన. ఈ రెండోదాన్ని 2019లో కోస్కున్, బెలాంజె తదితరులు గట్టిగా ముందుకి తెచ్చారు.

నేలలో జరిగేది

ఇంతవరకూ సూక్ష్మజీవులు సిలికాన్‌కి ఏం చేస్తాయో చూశాం. మరి సిలికాన్ వాటికి ఏం చేస్తుంది?

మన ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని పట్టుకుని ఉంచుతాయి. సిలిసిక్ ఆమ్లం వెళ్ళి ఆ సీట్లలో కూర్చుంటే కొంత భాస్వరం, కొంత సేంద్రియ కర్బనం లేచి నీటిలోకొస్తాయి. భాస్వరం వేరుకి, కర్బనం సూక్ష్మజీవులకి మేత. స్లాగ్ లాంటిది వేస్తే నేల పులుపు కూడా తగ్గుతుంది, దాంతో అక్కడి బాక్టీరియా జనాభాలో ఎవరెంతమంది అన్నది మారిపోతుంది.

ఇంకోటి నీళ్ళు నిలిచే మడిలో జరుగుతుంది. అక్కడ వేరు చుట్టూ ఊపిరాడదు. సిలికాన్ బాగా అందిన వరి ఆకుల నించి వేరుకి ఆక్సిజన్ ఎక్కువ పంపగలదని జపాన్‌లో ఒకుడా, తకహాషి 1960లలో చూపించారు. దాంతో వేరు చుట్టూ గాలి తగిలే సన్నటి పొర ఏర్పడి, అక్కడ బతికే జీవాలే వేరవుతాయి. ఎక్కువైతే విషమయ్యే ఇనుము, మాంగనీసు అక్కడే తుప్పులా గడ్డకట్టి ఆగిపోతాయి. పప్పుజాతుల్లోనూ ఇలాంటిదే ఉంది. అలసందకి సిలికాన్ ఇస్తే వేరు బుడిపెలు, అంటే నత్రజని పట్టే రైజోబియం ఇళ్ళు, పెరిగాయని దక్షిణాఫ్రికాలో డకోరా బృందం 1999లో ప్రచురించింది. మొక్క, మట్టి, సూక్ష్మజీవి మూడూ కలిసి ఆడే ఆట ఇది.

మన చెరువు కింది లెక్క

ఇప్పుడు మళ్ళీ జీడిమెట్ల వైపు వద్దాం. హెక్టారుకి 5 టన్నుల వడ్లు పండితే ఆ పంట 230 నించి 470 కేజీల దాకా సిలికాన్ తీసుకెళ్తుందని సావంత్, స్నైడర్, డాట్నాఫ్ 1997లో లెక్క చెప్పారు. మన భాషలో ఎకరానికి రెండు టన్నుల పంటకి దాదాపు 90 నించి 190 కేజీలు. అదే పంట తీసుకునే నత్రజని ఎకరానికి 40 కేజీల అటూ ఇటూ. నత్రజనికి యూరియా బస్తాలు మోస్తాం. సిలికాన్‌కి?

పాతకాలంలో దానికి తిరుగు దారి ఉండేది. గడ్డి పశువులు తినేవి, పెంట పొలానికే వచ్చేది. పొయ్యి బూడిద నారుమడి మీద చల్లేవాళ్ళు. ఎండాకాలంలో చెరువు ఎండాక బండ్ల మీద చెరువు మన్ను తోలేవాళ్ళు. వానలకి చల్క నించి కొట్టుకుపోయిన సన్నటి బంకమట్టి చెరువు అడుగున చేరుతుంది. నెమ్మదిగా కరిగే సిలికాన్, దాంతోబాటు సూక్ష్మజీవులకి కావలసిన కర్బనం అందులో ఉంటాయి. 'సిలికాన్' అన్న మాట ఎవరికీ తెలియదు, కానీ అది ఊరి పొలిమేర దాటి పోయేది కాదు.

1970ల నించి ఈ దారులు ఒక్కొక్కటే తెగాయి. జీడిమెట్లలో ఇండస్ట్రియల్ ఎస్టేట్ వచ్చింది, చెరువు కింది పొలాలు ప్లాట్లయ్యాయి. ఇంకా సేద్యం ఉన్న శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఊళ్ళలో ట్రాక్టరొచ్చి ఎడ్లు పోయాయి, కోత మిషనొచ్చాక గడ్డి పొలంలోనే చెల్లాచెదురై చాలాచోట్ల నిప్పంటించి కాల్చేస్తున్నారు. (కాలిస్తే సిలికాన్ బూడిదలో మిగులుతుంది గానీ, కర్బనమూ నత్రజనీ గాలిలో కలుస్తాయి, పైపొరలోని జీవాలు మాడిపోతాయి.) ఊక రైస్ మిల్లుకి, అక్కడి నించి ఏ బాయిలర్‌కో, ఇటుక బట్టీకో పోతుంది. ఫ్యాక్టరీ వెనక కుప్పపోసిన బూడిద చూస్తే, అందులో దాదాపు 90 శాతం సిలికాయే. ఎవరి పొలంలోంచి వచ్చిందో, ఎక్కడ తేలిందో చూడండి.

అదే కాలంలో రకాలూ మారాయి. 1986లో బాపట్ల నించి వచ్చిన సాంబ మసూరి, మన బీపీటీ 5204, తినడానికి అమృతం. అగ్గి తెగులుకి మాత్రం మెత్తన. దానికి యూరియా ఎక్కువైతే ఆకు లేతగా, ముదురాకుపచ్చగా తయారై బూజుకి విందు భోజనం. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన డైరెక్టరేట్, సీసీఎంబీ కలిసి 2008లో తెచ్చిన మెరుగైన సాంబ మసూరి బాక్టీరియా ఎండు తెగులుని తట్టుకుంటుంది. అగ్గి తెగులు వేరే లెక్క. కాబట్టి మందు కొట్టాల్సిందే, ఎక్కువగా ట్రైసైక్లజోల్. దాని అవశేషాల హద్దుని యూరప్ 2018 నించి కేజీకి 0.01 మిల్లీగ్రాముకి దించేసరికి మన బాస్మతి ఎగుమతిదారులు ఉలిక్కిపడ్డారు. ఎగుమతి కాని బియ్యం మనమే తింటున్నాం, ఆ సంగతి వేరే చెప్పాలా.

శామీర్‌పేట అవతల మా కాకకి రెండెకరాల వరి ఉంది. ఈ సంగతులన్నీ చెప్తే ఆయన అన్నాడు, "ఏంది బిడ్డా, సిలికాన్ నీ కంప్యూటర్ల ఉంటదంటివి, ఇప్పుడు నా మడిల ఉండాలంటున్నవ్?" గడ్డి కాల్చొద్దు కాకా అన్నాను. "కాల్చకుంటే నాటు యాళ్లకు ఎట్ల మురగాలె? నువ్వొచ్చి దున్నుతవా?" అన్నాడు. సమాధానం సిద్ధంగా లేకపోతే రైతుతో వాదించకూడదు. రెండు పంటల మధ్య ఆయనకి దొరికేది కొద్ది వారాలే. ఆ ప్రశ్నకి జవాబివ్వని సలహా ఎంత శాస్త్రీయమైనా కాగితం మీదే ఉంటుంది.

అల్వాల్ మట్టి

జీడిమెట్లకి పక్కనే అల్వాల్. అక్కడి రైతు చింతల వెంకటరెడ్డి గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, పేపర్లలో చూసే ఉంటారు. ద్రాక్ష, వరి పండిస్తూ ఆయన కనిపెట్టిన పద్ధతి చెప్పడానికి తేలిక. పొలంలో నాలుగడుగుల దాకా లోతు మట్టి తీసి, ఎండబెట్టి, పైన వెయ్యడం. ఆ మట్టినే నీళ్ళలో కలిపి పంట మీద చల్లడం. దాని మీద పేటెంటు కూడా తీసుకున్నారు.

ఇదంతా సిలికాన్ మహిమే అని ఉత్సాహపడేవాళ్ళున్నారు. కాస్త విడదీసి చూడాలి. మొక్కకి సిలికాన్ వేరు ద్వారా, కరిగిన రూపంలో అందుతుంది. ఆకు మీద చల్లిన మట్టి రేణువు అక్కడ కరిగిపోదు. అది ఆకు మీద పూతలా ఉండి పురుగుకి, బూజుకి అడ్డం పడగలదు. పొటాషియం సిలికేట్ ద్రావణం ద్రాక్ష ఆకుల మీద చల్లితే బూడిద తెగులు తగ్గిందని కెనడాలో 1992లో తేల్చినప్పుడు కూడా, అందులో కొంత భాగం పూత చేసిన పనే. ఇక నేలలో వేసిన లోపలి మట్టి సంగతి వేరు. ఏళ్ళ తరబడి పంటలు పిండేసిన పైమట్టి మీదకి బంక ఎక్కువున్న మట్టి రావడమంటే చెరువు మన్ను తోలినట్టే. ఒక పాత పనికి కొత్త రూపం అది. శాస్త్రం చెయ్యాల్సింది దాన్ని కొట్టెయ్యడమూ కాదు, దండేసి ఊరుకోవడమూ కాదు. పక్కపక్కన మళ్ళలో, తెగులు వచ్చిన ఏడాదీ రాని ఏడాదీ కొలవడం.

సీసాలో దొరకదు

ఇప్పుడు మన దగ్గర కూడా సిలికాన్ సీసాల్లో వస్తోంది, ఆర్థో సిలిసిక్ యాసిడ్ పేరుతో. చిన్న లెక్క వెయ్యండి. 2 శాతం ద్రావణమైతే లీటరులో సిలికాన్ 20 గ్రాములకి మించదు. పంట ఎకరంలో తీసుకెళ్ళేది 90 కేజీల పైన. ఆకు మీద చల్లితే మొక్కని కాస్త హుషారు చేస్తుందేమో గానీ, నేలకున్న బాకీ అది తీర్చలేదు. బాకీ తీరాలంటే గడ్డి, ఊక బూడిద, పెంట, చెరువు మట్టి లాంటి బరువైన సరుకు కావాలి. ఊక బూడిదలోనూ తేడా ఉంది. తక్కువ వేడిలో నల్లగా కమిలిన బూడిద నేలలో త్వరగా కరుగుతుంది. బాయిలర్‌లో బాగా ఎక్కువ వేడికి తెల్లగా కాలిన దాంట్లో సిలికా స్ఫటికంగా మారి మళ్ళీ ఇసుక కథే అవుతుంది.

ఇంకో మాట. సిలికాన్ తెగులుని తగ్గిస్తుంది, మాయం చెయ్యదు. తట్టుకునే వంగడం, యూరియా మీద అదుపు పక్కన ఉంటేనే దాని విలువ. మందు ఒకటి రెండు సార్లు తగ్గినా కౌలు రైతుకి అది చిన్న మొత్తం కాదు.

కర్ణాటకలో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు దీని మీద ఏళ్ళుగా పనిచేస్తున్నారు. వ్యవసాయంలో సిలికాన్ మీద ఏడో అంతర్జాతీయ సదస్సు 2017 అక్టోబరులో బెంగళూరులోనే జరిగింది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకి పైగా చెరువుల పూడిక తీద్దామని లెక్కేశారు, రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని ఆ మట్టి తోలుకున్నారు. ఏ చెరువు మట్టి ఏ పొలానికి చేరిందో రాసుకుని, ఆ పొలాల్లో గడ్డిలో సిలికాన్ ఎంతుందో కొలిస్తే చాలు, ఎంత విలువైన డేటాబేస్ అయ్యేది! ఎండుగడ్డిలో 5 శాతం కన్నా సిలికాన్ తగ్గితే లోటున్నట్టు అని వరి శాస్త్రవేత్తలు హద్దు కూడా ఇచ్చారు. భూసార పరీక్ష కార్డులో ఒక్క గడి చాలు.

2020 అక్టోబరు వానలకి ఫాక్స్ సాగర్ నిండి పక్క కాలనీల్లోకి నీళ్ళొచ్చినప్పుడు టీవీలన్నీ దాన్ని చూపించాయి. చెరువులో పూడిక ఎక్కువైందనీ, తియ్యాలనీ అప్పుడు అందరూ అన్నారు. నగరంలో ఉన్న చెరువు మట్టిలో ఫ్యాక్టరీల మురికి కూడా ఉంటుంది కాబట్టి దాన్ని పొలానికి తోలే రోజులు పోయాయి. కానీ ఇంకో ఇరవై కిలోమీటర్లు ఉత్తరానికి పోతే మురికి చేరని చెరువులు ఇంకా ఉన్నాయి, వాటి కింద వరి ఇంకా ఉంది. ప్లాట్లుగా మారేలోపు అక్కడైనా ఆ పద్దు తిరిగి రాస్తే బావుంటుంది.

మీలో ఎవరికైనా ఊళ్ళో వరి ఉంటే ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: మన పొలంలో గడ్డి చివరికి ఎక్కడికి పోతోంది? ఆ జవాబులోనే సగం లెక్క తెలిసిపోతుంది.